ఎదురుకొట్టులో కొత్త కార్డు

మా ఆయన రంగనాథ్ లాంటి మనిషి ఇంకొకడు కోయిలకుంట్లలో ఉంటే చూపించండి, వాడిని కట్టుకున్న ఇల్లాలికి ఓ దండం పెడతాను. పెళ్లి వీడియోలు తీయడం, పాటలు కలిపి అందంగా అతికించి ఇవ్వడం ఆయన పని. పని నేర్పమని ఎవరొచ్చినా కాదనడు. అలా వచ్చిందే భువన. మా కొట్లో, మా కంప్యూటర్ ముందు కూర్చుని, నేను ఇంటినుంచి పంపిన టీ తాగుతూ అంతా నేర్చుకుంది. నేర్చుకుని ఏం చేసింది? మా కొట్టుకు ఎదురుగానే కొట్టు పెట్టింది! ఈయన పోయి కొబ్బరికాయ కొట్టి మరీ వచ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధమెందుకు, ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆ పిల్ల కొట్టుకు అద్దాల తలుపు, ఏసీ. మా కంప్యూటర్ ఒక పెళ్లి వీడియో తయారు చేయాలంటే పూటంతా మూలుగుతుంది. ఆ పిల్లేమో కర్నూలు నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెప్పించింది. అదుంటే టీ తాగి వచ్చేలోగా పని అయిపోతుందట. ఈ మాట చెబుతూ మురిసిపోయింది ఎవరనుకున్నారు? మా ఆయనే!

అది చాలదన్నట్టు బనగానపల్లె మామిడితోటల వాళ్లు తమ అమ్మాయి సుప్రజ పెళ్లి పని కూడా భువనకే ఇచ్చారు. వాళ్లింట్లో అంతకుముందు పెళ్లిళ్లన్నీ తీసింది మా ఆయన. రిసెప్షన్‌లో పెద్ద తెర మీద పెళ్లి వీడియో వేయాలని, ఆ సాయంత్రానికి అందకపోతే ఇక తమ గడప తొక్కనక్కర్లేదని భువనకు ముందే చెప్పేశారు.

సరిగ్గా అప్పుడే, కొత్త కార్డు వేశాక వచ్చిన మొదటి పెద్ద పనికే, ఆ పిల్ల కంప్యూటర్ మొండికేసింది. చిన్నచిన్న పనులకు బాగానే ఉంటుంది. వీడియో తయారు చేయమనగానే తెర నల్లబడిపోతుంది. కరెంటు చాలడం లేదని స్టెబిలైజర్ మార్చారు. లోపలుండే పవర్ సప్లై డబ్బా కూడా కొత్తది వేయించారు. ఊహూ.

ఆ సంగతి విని నాకెంత హాయిగా ఉందో! ఉప్మాలో నెయ్యి కాస్త ఎక్కువే వేసుకున్నాను. రిసెప్షన్ రోజు పొద్దున బనగానపల్లె వాళ్లు మా దగ్గరికే పరుగెత్తుకొస్తారని చూస్తున్నాను. ఈయనేమో చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు.

"యాడికి పోతాండావయ్యా?"

"భువన పిలిచిండాది. కంప్యూటర్ చూసొస్తా."

"పిచ్చి పట్టిండాదా నీకు? ఆ పిల్ల పని చెడితే మనకొస్తాది గదా!"

"ఏడుస్తాందే పాపం," అన్నాడు.

నేనూ వెంటపడ్డాను. ఎలాగైనా ఆపి లాక్కురావాలని.

భువన కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. దాని తల్లి ఈరక్క నన్ను చూడగానే కంప్యూటర్‌కు అడ్డంగా జరిగింది. ఈయన ఆమెను పక్కకు తప్పుకోమని, కంప్యూటర్ పక్కరేకు విప్పాడు. పవర్ సప్లై నుంచి కార్డుకు కరెంటు తెచ్చే లావుపాటి వైరు పట్టుకుని, దాని ప్లగ్గు తడిమి ఆగిపోయాడు.

"ఈ దారం ఎవరు కట్టినారమ్మా?"

ప్లగ్గు చుట్టూ నల్లదారం గట్టిగా ముడేసి ఉంది. ఆ ముడి అడ్డుపడి ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగలేదు. అందే కొద్దిపాటి కరెంటు చిన్న పనులకు సరిపోయేది. పెద్ద పని చెప్పగానే చాలక కార్డు చేతులెత్తేసేది.

"నేనే నాయనా," అంది ఈరక్క. "కార్డు తెచ్చిన పొద్దే కట్టినా. కొత్త డబ్బా వేసి మెకానిక్ పోయినాక గూడా, వైరు పీకి, కట్టి, మళ్లా పెట్టినా. దిష్టి తగలకూడదని."

"ఎవరి దిష్టి ఈరక్కా?" అన్నాను నేను.

"ఊర్లో శానా కండ్లు ఉండాయిలే," అని ఆమె నేల చూసింది.

గదిలో ఒక్కరూ నావైపు చూడలేదు. తిన్నగా నా మొహం చూసి తిట్టినా అంత కాలేది కాదు. కడిగేద్దామని నోరు తెరిచాను. ఆ కార్డు మాడిపోవాలని నేను కోరుకుంటున్న మాట నిజం. ఇంకేమని కడగను?

ఈయన బ్లేడుతో దారం కోసి ప్లగ్గు నొక్కాడు. టక్కుమని కూర్చుంది. భువన పని మొదలుపెట్టింది. ఈసారి తెర ఆరలేదు. మేం నిలబడి ఉండగానే సుప్రజ పెళ్లి వీడియో మొత్తం తయారైపోయింది.

భువన ఈయన కాళ్లకు దండం పెట్టబోయింది. ఈయన వెనక్కి జరిగాడు.

"కాళ్లెందుకులేమ్మా. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మా కొట్టు నడవడం లేదు. ఈ మధ్య ఊరికే తెరిచి కూర్చుంటాండా. నీకు పని ఎక్కువుంటే నన్ను పిలువు. నీ కిందైనా సరే, చేస్తా."

"ఎంత మాట, అన్నా! ఈ సాయంత్రమే బనగానపల్లెకు నాతో రా," అంది భువన, మళ్లీ ఏడుస్తూ.

నేను అక్కడే ఉన్నాను. నావైపు తిరగనైనా లేదు ఈయన. కొట్టు నడవడం లేదని ఇంట్లో ఏనాడూ నోరు విప్పలేదు. రోజూ "పని ఎట్లుండాది?" అని అడిగితే "బాగుండాది" అనేవాడు. ఆ పిల్ల బనగానపల్లె పెళ్లి తీసుకుంది, తీసుకోమనండి. కొట్టు నడవడం లేదన్న మాట మాత్రం నాకు చెప్పాల్సింది. పోయి పోయి దానికి చెప్పాడు.