మిషనుకు బొట్టు

మైదుకూరు పసుపు మిల్లులో పొడికొట్టే మిషను చెన్నకేశవులుది. పొద్దున్నే దానికి దండం పెట్టి, భుజం మీది తువ్వాలతో దాని ఒళ్లంతా తుడిచి, ఇరుసును మోసే బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి వేడి చూస్తాడు. నడిపేవాడే మిషను తుడుచుకోవాలని, తుడిచేటప్పుడే లోపం బయటపడుతుందని మిల్లులో ఈమధ్య పెట్టిన పద్ధతి అతనికి కొత్తేమీ కాదు. ఒక్క బొట్టును మాత్రం ముట్టడు. ఏటేటా ఆయుధపూజకు పెట్టిన పసుపూ కుంకుమా ఆ పెట్టె మీద పెచ్చు కట్టి ఉన్నాయి. మొన్న సూపర్‌వైజరు శ్రీదేవి అక్కడే వేలు పెట్టింది.

"ఇది తుడవలేదేం అన్నా?"

"అమ్మవారిది మేడమ్, యాడ తుడుస్తాం?" అని గొణుగుతూనే, కళ్లకద్దుకుని తడిగుడ్డతో రుద్దాడు. పెచ్చు ఊడింది. కింద వెంట్రుకంత సన్నటి పగులు. చెన్నకేశవులు ఒక అడుగు వెనక్కి వేశాడు. నడుస్తుండగా ఆ పెట్టె విరిగితే ఎదురుగా నిలబడి ఉండేది తనే.

"మీ అమ్మవారే చూపించిందిలేప్పా," అన్నాడు పక్కమిషను సమీవుల్లా.

కొత్త పెట్టె బిగించాక మిషను సాఫీగా తిరిగింది. చెన్నకేశవులు దాన్ని ఆపాడు. కుంకుమ భరిణె తీశాడు. అలవాటుగా పెట్టె మీదికి పోయిన వేలిని ఆపి, జానెడు పక్కన రేకు మీద బొట్టు పెట్టాడు.

"నువ్వు ఈడ కూచో తల్లీ. ఆడ నేను చూడల్ల."