లాటిన్‌లోనే మాట్లాడవలెను

ఆ రోజుల్లో బెజవాడలో తెలుగు పంతుళ్ళకు కొదవ లేదు, సంస్కృతం పంతుళ్ళకు అసలే లేదు. లాటిన్ పంతులు మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. అంచేత ఆ విద్యలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి (పోటీ లేని చోట ఎవడైనా అనుకుంటాడు). ఫాదర్ అవుదామని సెమినరీలో చేరి, అక్కడి చప్పిడి కూరలు తట్టుకోలేక తిరిగొచ్చేసిన ఘనుణ్ణి. ఆ సగం చదువు చూసే మిషన్ హైస్కూలువాళ్ళు టెంపరరీగా పెట్టుకున్నారు. "ఉద్యోగం పర్మనెంటయ్యాక కబురు చెయ్యండి, అప్పుడు పెళ్ళి మాట మాట్లాడుకుందాం" అని మైలవరంలో పిల్ల తండ్రి తేల్చేశాడు. పిల్లను నేను అప్పటికే చూశాను. నా తొందర నాది.

ఏదైనా ఘనకార్యం చేసి చూపించాలని, క్లాసులో లాటిన్ తప్ప మరో భాష వినబడకూడదని రూలు పెట్టాను. తెలుగు నోరు జారితే బెంచీ ఎక్కడమే. దాంతో పిల్లలు నోళ్ళు కుట్టేసుకున్నారు. "డిసిప్లినంటే మీదండీ మాస్టారూ!" అని హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు. ఆయనకు లాటిన్ రాదు; పిల్లలకూ రాదన్న సంగతి ఆయనకు తెలీదు. కొన్నాళ్ళకు పిల్లలే ఓ దారి కనిపెట్టారు. వాళ్ళంతా ఆదివారం పూజలో ఫాదర్ పక్కన నిలబడి లాటిన్ జవాబులు అప్పజెప్పేవాళ్ళే (అర్థం ఎవడడిగాడు గనక). అందులోంచి రెండు ముక్కలు ఏరుకున్నారు. నా మొహం చిటపటలాడుతుంటే గుండెలు బాదుకుని "మెయా కుల్పా", అంటే తప్పు నాదేనని. నవ్వుతూ కనిపిస్తే "దేయో గ్రాత్సియాస్", అంటే దేవుడికి వందనాలని. హోంవర్కు అడిగితే మొదటిది, ఇంటి గంట కొడితే రెండోది. లాటిన్‌ను ఇంత మనసు పెట్టి ఎవరూ పలికి ఉండరని మురిసిపోయాను.

అంతలో బిషప్ గారు స్కూలు చూడ్డానికొచ్చారు. రోములో చదివిన మనిషి, నన్ను పర్మనెంటు చేసే మాట ఆయనదే. కనుబొమలు ముడిచి, "పాఠం రాకపోతే తప్పెవరిది?" అని లాటిన్‌లో అడిగారు. ఆ మొహం చూసి క్లాసు క్లాసంతా గుండెలు బాదుకుంది: "మెయా కుల్పా!" ఆయన కరిగిపోయారు. నాకు పెళ్ళిబాజాలు వినబడ్డాయి. అక్కడితో ఆగొచ్చుగా ఆ మహానుభావుడు! చిరునవ్వు నవ్వుతూ, మళ్ళీ లాటిన్‌లోనే, "మరి మీ మాస్టారు ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే?" అన్నారు. చిరునవ్వు చూశారు వెధవలు.

"దేయో గ్రాత్సియాస్!"

ముందు బెంచీలో మేం బండోడని పిలిచే కుర్రాడు చేతులు కూడా జోడించాడు. ఏమీ అర్థం కాని హెడ్మాస్టరు గారు చప్పట్లు కొట్టారు. బిషప్ గారు పొట్ట పట్టుకుని నవ్వి, ఆయన వైపు తిరిగి, "రోములో మేమంతా వల్లించడమేనండీ. మనసులో మాట లాటిన్‌లో చెప్పిన పిల్లల్ని ఇక్కడే చూశాను. ఈయన్ని వదులుకోకండి" అన్నారు.

అలా నా పెళ్ళయింది. తర్వాత స్కూల్లోంచి లాటిన్ పోయింది, చాలా ఏళ్ళకు పూజలోంచీ పోయి అంతా తెలుగైంది. మొన్న ఆదివారం పూజ ముగియగానే అలవాటు కొద్దీ "దేయో గ్రాత్సియాస్" అని గట్టిగా అనేశాను. వెనక వరసలోంచి ఇంకో గొంతు కూడా అదే అంది. తిరిగి చూస్తే బట్టతల బండోడు! కళ్ళు చెమర్చాయి. ఈలోగా మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"దేవుడికే తెలుగొచ్చేసింది. మీకింకా రాలేదా?"