పది కిలోల రాయితో ఉప్పల్ నుంచి ఒక అంగన్‌వాడీకి

ఈ ఊరికి వెళ్లడం నాకు ఇది రెండోసారి. మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు ఏమీ రాయలేదు. అక్కడ రాయడానికి ఏముందిలే అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను గానీ ఊరి పేరు మాత్రం చెప్పను. అక్కడి టీచరమ్మకు నా పుణ్యమా అని ఇప్పటికే కావలసినంత పేరొచ్చింది. నేను నాచారంలో కాంటాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో సర్వీసు పని చేస్తాను. ఆరు నెలల కిందట ఆ ఊరి అంగన్‌వాడీలో పిల్లల బరువు చూసే కాంటా బిగించింది నేనే. అది తప్పు చూపిస్తోందని టీచర్ మూడోసారి ఫోన్ చేసేసరికి మా ఓనర్ నన్ను పిలిచి, "ఈసారన్న పది కిలోల రాయి పట్కపో" అన్నాడు. పోయినసారి బస్సులో ఎవడు మోస్తాడని దాన్ని వదిలేసి, ఒక కిలో రాయి పెట్టి చూసి, సరిగ్గానే ఉందని సంతకం పెట్టించుకుని వచ్చాను.

ఉప్పల్ రింగురోడ్డులో ఏడుంబావుకు భువనగిరి బస్సెక్కాను. టికెట్ డెబ్బై రూపాయలు. నారపల్లి దాటడానికే ముప్పావుగంట పట్టింది, కాబట్టి ఏడు లోపు బయలుదేరగలిగితే మంచిది. భువనగిరి బస్టాండు ఎదురుగా ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు పెట్టారు, చట్నీ బాగుంది. అక్కడి నుంచి లోపలికి వెళ్లే బస్సు తొమ్మిదిన్నరకు దొరికింది. గంటన్నర ప్రయాణం. ఊళ్లో దిగేసరికి పదకొండు. సగం దుకాణాల షట్టర్లు ఇంకా సగమే లేచి ఉన్నాయి. సంచీలో రాయి భుజాన్ని లాగేస్తుంటే ఆటో ఎక్కాను. అంగన్‌వాడీకి అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

"గుడ్లమ్ముకునే టీచర్ కాడికా అన్నా?"

"అమ్ముకుంటదా?"

"మరి? అమ్ముకోకుంటె ఊరి పిల్లలందరు గట్ల బక్కగెట్లయితరే? కాంట సూపెడ్తనే ఉంది గద."

నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

స్వరూప టీచర్‌కు నలభై అయిదేళ్లుంటాయి. పిల్లలు అన్నం తింటున్నారు, ఒక్కొక్కరి పళ్లెంలో ఒక్కో గుడ్డు. "మీరు గూడ ఇంత తినుండ్రి సార్, పిల్లలు పండుకున్నంక కాంట సూద్దురు" అని తన టిఫిన్ డబ్బాలోంచి పప్పన్నం సగం నాకు పెట్టింది. ఆటోలో విన్నది నాలుక చివరే ఉంది. నోటిదూల అంటారే, అది. "మీ డబ్బాల గుడ్డు లేదేంది టీచర్?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "గుడ్డు తినుడు ఇడిసిపెట్టిన సార్. ఇంట్ల గూడ వండుతలేను. మా కోడి పెట్టిన గుడ్డే అయినా, చెత్తల పెంకులు కనవడితె పిల్లలయే అంటరు. ఇరువై ఏండ్లసంది జేస్తున్న ఈ పని. గుడ్లమ్ముకుంటున్ననని పైకి ఫిర్యాదు వోయింది, సోమవారం ఆఫీసుకు పోయి జవాబు జెప్పాలె. ఏం జెప్పాలెనో సమజైతలేదు."

పిల్లలు పడుకున్నాక కాంటాను తిరగేశాను. పళ్లెం కింద నాలుగు ఎర్ర బోల్టులు. దారిలో కుదుపులకు కాంటా పాడవకుండా ఫ్యాక్టరీలో బిగించి పంపేవి. ఊళ్లో కాంటా అమర్చేవాడు ముందుగా తీసేయాల్సినవి అవే. అవి ఉంటే కిలో రాయికి తేడా తెలియదు. బరువు పెరిగితే పళ్లెం కాస్త కుంగి వాటి మీద ఆనుకుంటుంది, ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. నేను మరిచిపోయిన బోల్టులు ఆరు నెలలుగా ఆ ఊరి పిల్లల్ని బక్కవాళ్లను చేస్తున్నాయి.

ఏం చేశానో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వాటిని విప్పి జేబులో వేసుకున్నాను. "ఏమైంది సార్?" అని టీచర్ అడిగితే, "దుమ్ము వట్టింది, తుడిసిన" అన్నాను.

అంతలో రేణుక అనే తల్లి బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చింది. టీచర్ సంబరంగా పాపను కాంటా మీద కూర్చోబెట్టింది. పోయిన వారం పది కిలోల రెండు వందల గ్రాములు. ఇప్పుడు పదకొండున్నర. రేణుక అంకె చూసింది, నన్ను చూసింది, చివరికి టీచర్ను చూసింది.

"వారానికే కిలో మీద పెరుగుతదా? సోమవారం ఉందని పట్నం సార్‌ను పిలిపిచ్చి కాంట మలిపిచ్చినవా టీచర్?"

టీచర్ ముఖం పాలిపోయింది. నా దాపరికం ఆమెను ఇంకా లోతుకు తోస్తుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. జేబులోంచి బోల్టులు తీశాను. మళ్లీ బిగించి పది కిలోల రాయి పెట్టాను. ఎనిమిది కిలోల తొమ్మిది వందల గ్రాములు. విప్పి పెట్టాను. పది.

"ఎవలు వెట్టిన్రు అవి?" అంది రేణుక.

"ఫ్యాక్టరీల పెడ్తరు. తియ్యాల్సింది నేను. మర్సిపోయిన. టీచర్ తప్పేం లేదమ్మా."

రేణుక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. స్వరూప టీచర్ మాత్రం నన్నే చూస్తోంది. "మొదటిసారి నేను ఫోన్ జేస్తె మాట్లాడింది గూడ మీరేనా సార్? మిషన్ అబద్ధం చెప్పదు మేడం, పిల్లలకు పెట్టేది సక్కగ పెట్టుండ్రి, అన్నది?"

నేనే. తలెత్తలేకపోయాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "కాయితం మీద రాసిస్తరా?" అని మాత్రమే అడిగింది. మొత్తం రాశాను, ఫోన్లో అన్న మాటతో సహా. రేణుక వెళ్లి పిలుచుకొచ్చిన తల్లులందరి ముందూ బోల్టులు బిగించి, విప్పి మళ్లీ చూపించాను. అంతా అయ్యేసరికి నాలుగూ నలభై.

"నాలుగున్నర బస్సు వోయింది" అన్నాను.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. ఆరింటికి ఇంకోటుంది" అంది టీచర్. టీ కూడా పెట్టించింది.

ఆ టీ అంత కష్టంగా నేనెప్పుడూ ఏదీ తాగలేదు. ఇరవై ఏళ్లు నిజాయితీగా పనిచేసిన మనిషి మాట కన్నా నేను బిగించిన పెట్టె మాట నమ్మారు జనం. వాళ్లను అనను, ముందు నమ్మింది నేనే. సోమవారం నా కాగితం ఏ మేరకు పనిచేస్తుందో తెలియదు. పిలిస్తే నేనే వెళ్లి చెబుతానని ఆమెకు నా నంబరిచ్చి వచ్చాను. ఆమె మళ్లీ ఎప్పుడు గుడ్డు వండుకుంటుందో అడిగే ముఖం నాకు లేదు.

పని మీద అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఆ ఊరి నుంచి నాలుగున్నర బస్సే ఆఖరిదనుకుని పని సగంలో ముగించి పరుగెత్తకండి. మొదటిసారి నేను అలాగే పరుగెత్తాను. ఆరింటికి ఇంకొకటి ఉంది. ఎవరినడిగినా చెబుతారు.