అన్న కూడబెట్టిన మైళ్లు

మా అన్న ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. పత్తిలోంచి గింజ వేరుచేసే ఆ మిల్లుకు బెల్టులు, బేరింగులు, నూనె డబ్బాలు ఏవి కావాలన్నా అన్నే కొనుక్కొచ్చేవాడు. మిల్లు యజమాని సేటును ఎట్లా ఒప్పించాడో గానీ, ఆ కొనుగోళ్లన్నీ తన క్రెడిట్ కార్డు మీద చేసేవాడు. సేటు ఇచ్చిన డబ్బు గడువుకు ముందే బ్యాంకుకు కట్టేసేవాడు. అన్నకు మిగిలేవి పాయింట్లు. ఆ పాయింట్లతో ఎప్పటికైనా విమానం ఎక్కాలన్నది లెక్క.

నేను ఎమ్మిగనూరులో లెక్కల టీచరును. పెళ్లి చేసుకోలేదు, దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు. ఆదివారం పూట బస్సెక్కి ఆదోని పోయి, అన్న ఇంట్లో అన్నం తిని సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. వదిన ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆమెకూ నాకూ పోట్లాట లేదు, చనువూ లేదు. మా మధ్య మాట్లాడే మనిషి అన్న ఒక్కడే.

ఆ మాటలు కూడా ఎక్కువగా పాయింట్ల గురించే. ఊర్లో ఒక సూపర్ మార్కెట్టు ఉంది. బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు చెబితే వాళ్లు కూడా పాయింట్లు వేస్తారు. అన్న లైన్లో నిలబడి ముందున్నవాళ్లను, వెనకున్నవాళ్లను అడిగేవాడు.

"ఏమప్పా, నీకు నంబరు ల్యాదా? ఊరికే పోతాయి గదా పాయింట్లు, నా నంబరు సెప్పు."

కొందరు నవ్వి చెప్పేవాళ్లు, కొందరు మొహం తిప్పుకునేవాళ్లు. నేను పక్కన ఉంటే సబ్బుల వరస దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. బిల్లు వేసే అమ్మాయికి మాత్రం ఆ నంబరు నోటికి వచ్చేసింది. అన్న కనబడగానే అడక్కుండానే కొట్టేది.

ఒకసారి మా పెదనాన్న మనవరాలి పెళ్లికి చీరలు తీసుకోవడానికి బంధువులందరూ ఎమ్మిగనూరు వచ్చారు. అన్న మిల్లుకు సెలవు పెట్టి మరీ దిగాడు. ఆడవాళ్లు చీరలు ఏరుకున్నంతసేపూ బయట టీ తాగుతూ కూర్చుని, బిల్లు దగ్గరికి వచ్చేసరికి కార్డు పట్టుకొని నిలబడ్డాడు. వాళ్ల నగదంతా తను తీసుకొని కార్డు గీకాడు. మా పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "మీ అన్న కమీషను వ్యాపారం మొదలుపెట్టినాడా ఏంది?" అని అడిగింది. నవ్వి చీరల సంచి అందుకున్నాను.

కానీ ఆ పనిలో అన్నకు ఒక నిష్ఠ ఉండేది. ఒక్క నెల కూడా బ్యాంకుకు వడ్డీ కట్టలేదు. పాయింట్లు ఇస్తారు కదా అని అక్కర్లేనిది ఒక్కటీ కొనలేదు. నాకూ కార్డు తీయించి, కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇను పాపా. ఈ పాయింట్లకు మిక్సీ ఇస్తాము, కుక్కరు ఇస్తాము అంటారు. తీసుకున్యావంటే మోసపోయినట్లే. రూపాయి ఇలువ సేసేది పావలాకు పోతాది. వాటిని విమానం కంపెనీ మైళ్ల కింద మార్సుకోవల్ల. అదీ ఎప్పుడంటే అప్పుడు గాదు. ఏడాదిలో ఒకసారో రెండుసార్లో, మార్సుకుంటే అదనంగా ఇస్తాము అంటారు సూడు, అప్పుడు. సీటు పండగలకు దొరకదు. మంగళవారం, బుధవారం సూడల్ల. దగ్గరి ఊర్లకు వాడద్దు, అవి డబ్బులిచ్చినా అగ్గవకే వస్తాయి. డబ్బులిచ్చి మనం పోలేని దూరానికి వాడల్ల."

"యాడికి పోదామని నీకు?" అని అడిగాను.

"ముందు కానీలే."

ఒక విమాన కంపెనీలో ఇంటివాళ్లందరి మైళ్లూ ఒకేచోట పోగయ్యే ఖాతా ఉందని తెలుసుకొని, అందులో వదిన పేరూ నా పేరూ చేర్చాడు. నా పేర ఈమెయిలు వచ్చినప్పుడు చూసి మూసేశాను.

అన్న కార్తీక మాసంలో పోయాడు. మిల్లుకు పత్తి ముమ్మరంగా వచ్చే రోజులు. తూకం చీటీలు చూస్తూ కుర్చీలోనే వాలిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. నాకు ఫోన్ వచ్చేటప్పటికి తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఫోన్ పెట్టేసి బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను చివరిదాకా చేశాను. జవాబు కింద గీత గీశాను. తర్వాత హెడ్మాస్టరు గదికి వెళ్లి సెలవు చీటీ రాశాను. కారణం అన్నచోట "అన్న మరణం" అని రాస్తే అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

దినాలన్నీ అయ్యాయి. నేను పెద్దగా ఏడవలేదు. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చాను, చాపలు పరిచాను, చాపలు ఎత్తాను. ఒంట్లో ఏదో భాగానికి మత్తు సూది వేసినట్లు ఉండేది. ఏ భాగమో తెలిసేది కాదు.

తర్వాత ఒక ఆదివారం ఆదోనిలో బస్సు దిగి, వదినకు కందిబేడలు తీసుకుందామని ఆ సూపర్ మార్కెట్టులోకి వెళ్లాను. బిల్లు దగ్గర ఆ అమ్మాయే ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"అన్న నంబరేనా అక్కా?"

"ఊఁ" అన్నాను.

తను కొట్టేసింది. విషయం చెప్పొచ్చు. చెబితే ఆ అమ్మాయి ఏదో అనాలి, దానికి నేను ఏదో అనాలి. సంచి తీసుకొని వచ్చేశాను. ఆ తర్వాత కూడా ఎప్పుడు పోయినా ఆ నంబరే.

అన్న ఫోను వదిన దగ్గరే ఉంది. బిల్లు పడిన ప్రతిసారీ పాయింట్ల మెసేజీ అందులోకి పోతుందన్న సంగతి నాకు తట్టలేదు. మరో ఆదివారం గడపలో అడుగు పెడుతుండగానే వదిన అడిగింది.

"బెల్లం కూడా తెచ్చినావా పాపా? రెండు సార్లు టింగుమనింది."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నీకు ఇబ్బందిగా ఉంటే నంబరు చెప్పనులే వదినా."

"ఉండనీలే. ఆ ఫోను మోగేది నువ్వేమన్నా కొన్నప్పుడే. ఇంగెవరూ సెయ్యరు."

అప్పటినుంచి మేమిద్దరం కొంచెం కొంచెం మాట్లాడుకోవడం మొదలైంది. ఎక్కువ కాదు.

మరణ ధ్రువపత్రం చేతికొచ్చాక ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. అక్కడి ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. మిగిలిన బిల్లు కట్టించుకున్నాడు. కార్డులో ఇంకా కొన్ని వేల పాయింట్లు ఉన్నాయని నేనే గుర్తుచేశాను.

"కార్డు ఆయన పోతే పాయింట్లు కూడా పోతాయమ్మా. వేరేవాళ్లకు ఇచ్చే రూలు లేదు" అన్నాడు. కత్తెర తీసి కార్డును రెండు ముక్కలు చేశాడు. వదిన చేయి చాపింది.

"ఆ ముక్కలు నాకియ్యి నాయనా."

ఆయన నా వైపు చూసి, ముక్కలు ఆమె చేతిలో పెట్టాడు.

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలో నాకు ఈమెయిలు వచ్చింది. మా కుటుంబ ఖాతాలో ఉన్న మైళ్లకు ఫిబ్రవరి నెలాఖరుతో గడువు తీరిపోతుందని. అన్న అంతకుముందే చాలా పాయింట్లను మైళ్లుగా మార్చి పెట్టాడని అప్పుడే తెలిసింది. అవి ముగ్గురివీ కాబట్టి బ్యాంకు పాయింట్లలా రద్దు కాలేదు. అయినా అనుమానంతో వాళ్ల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి, అన్న పోయిన సంగతి చెప్పి, అడిగాను. మిగిలిన ఇద్దరు సభ్యులు వాడుకోవచ్చని అవతలి అమ్మాయి చెప్పింది. చివర్లో, "ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడిగింది. లేదన్నాను.

వదినకు చెబితే, కుట్టు మిషను ఆపకుండానే అంది. "పోనీలే పాపా. పోతే పోనీ."

"నాలుగేళ్లు బిల్లుల దగ్గర నిలబడి అడుక్కున్నాడు వదినా."

మిషను ఆగింది. "యాడికి పోదామంటావు?"

"నాకేం లేదు. నువ్వు చెప్పు."

"నాకు మాత్రం ఏముంది? యాడికైనా ఒగటే."

అందుకని అన్న చెప్పిన పద్ధతిలోనే వెతికాను. బుధవారం, బెంగుళూరు నుంచి, ఇద్దరికి, పోను రాను, డబ్బు పెట్టి మేము పోలేనంత దూరం. మైళ్లకు ఇచ్చే సీట్లు గడువులోపల ఒక్క ఊరికే దొరికాయి. గౌహతి. అక్కడ మాకు తెలిసినవాళ్లు లేరు, మొక్కులు లేవు. పన్నులు మాత్రం నా కార్డు మీద కట్టాను. ఆ ఊరు ఎక్కడుందో వదినకు ఫోన్లో పటం తీసి చూపించాను. ఆమె ఆదోని దగ్గర ఒక వేలు, గౌహతి దగ్గర ఒక వేలు పెట్టి చూసింది.

"ఏడాది తిరక్కుండా ఊరు దాటినానంటే మీ పెద్దమ్మ ఊరుకుంటాదా?"

"నాకు ట్రైనింగ్ పడింది, తోడు వస్తాండావని చెబుదాం."

"అట్లే సెప్పు" అంది. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు అట్లే చెప్పాను. అబద్ధం ఆడినట్లు కూడా అనిపించలేదు.

విమానంలో కిటికీ సీటు వదినకు ఇచ్చాను. పైకి లేచేటప్పుడు ఆమె ఏ భయమూ లేకుండా బయటికి చూస్తూ కూర్చుంది. నా చెవులు మూసుకుపోయాయి. కింద మబ్బులు కనబడుతుంటే, ఇది అన్న చూడాల్సింది కదా అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

వదిన నావైపు తిరిగింది. "మీ అన్న ఎక్కేటోడు గాదు పాపా."

"అంటే?"

"సేటు ఒకసారి అహ్మదాబాదు పొమ్మన్యాడు, మిషన్లు సూసి రానీకి. విమానం టికెట్టు తీస్తానన్యాడు. ఈయప్ప కడుపునొప్పి అని రెండు దినాలు ఇంట్లో పండుకున్యాడు. మిద్దె మీద బట్టలారేయల్లన్నా కళ్లు తిరుగుతాయి ఆయప్పకి. నీకు తెలీదా?"

నాకు తెలియదు. చిన్నప్పుడు ఒకే ఇంట్లో పెరిగాం. మా ఇంటికి మిద్దె లేదు. అందుకే తెలిసి ఉండదు.

"మరి ఎందుకు కూడబెట్టినాడు?"

"నేనూ అడిగినా. ఇంగా సాలవు అనేటోడు. ఎన్ని అయినా అదే మాట."

మమ్మల్ని పంపాలనుకున్నాడేమో అని నేను అనలేదు, ఆమె అనలేదు. అనుకుంటే బాగుండేది. కానీ అన్న అట్లా ఎప్పుడూ చెప్పలేదు, లేని మాట కల్పించడం ఇద్దరికీ చేతకాలేదు. ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది. నేను ముందు సీటు వెనక ఉన్న కాగితాలు తీసి చదివాను.

గౌహతిలో మూడు రోజులున్నాం. చలి. వెళ్లిన రోజు వదిన పగలంతా నిద్రపోయింది. లేపితే రెండు ముద్దలు తిని మళ్లీ పడుకుంది. దినాల తర్వాత ఆమె అట్లా నిద్రపోవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది. నేను హోటలు కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూశాను. మాకు తెలియని భాషలో జనం బేరాలాడుతున్నారు. ఎవరూ మమ్మల్ని పలకరించరు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అది హాయిగా ఉందని అనను. బరువు మాత్రం లేదు.

రెండో రోజు నది మీద పడవెక్కాం. మా దగ్గర తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలితే పేపర్లో వేస్తారు. ఇక్కడ నీళ్లకు అవతలి ఒడ్డు మంచులో కనబడలేదు. వదిన కొంగు తలమీదుగా కప్పుకుంది. తర్వాత అడిగింది.

"పాపా, నీకు ఏడుపు వచ్చినాదా?"

"లేదు వదినా."

"నాకూ రాలే. జనం ముందర ఏడ్చినా, అది ఏడవల్ల గదా అని ఏడ్చినా. ఒంటిగా ఉన్నెప్పుడు రాలే. నాకేమన్నా అయినాదేమో అనుకుంటి."

"నాకూ అట్లే."

"అయితే సరే" అంది, ఏదో పెద్ద సందేహం తీరినట్లు. పడవ అటు పోయి ఇటు వచ్చింది. మాకు అక్కడ కూడా ఏడుపు రాలేదు. ఒడ్డున దిగేటప్పుడు చెక్క పలక జారుతుంటే ఆమె నా చేయి పట్టుకుంది. మెట్లెక్కి ఆటో దగ్గరికి వచ్చేదాకా వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు.

మూడో రోజు బజారులో ఆమె ఒక జాకెట్టు గుడ్డను తిరగేసి మరగేసి, అంచు గోటితో గీరి చూసి, కొనకుండా పెట్టేసింది. "రంగు దిగుతాది" అంది. నెలల తర్వాత ఆమె గొంతులో ఆ గట్టిదనం విన్నాను.

బెంగుళూరులో దిగి, రైల్లో తెల్లారేసరికి ఆదోని వచ్చాం. స్టేషను బయట ఆటో మాట్లాడి వదినను ఇంటి దగ్గర దింపాను. లోపలికి రమ్మంది. బడికి ఆలస్యమవుతుందని అదే ఆటోలో బస్టాండుకు వెళ్లి ఎమ్మిగనూరు బస్సెక్కాను. హాజరు పట్టీలో సంతకం పెట్టి క్లాసుకు వెళ్తే పిల్లలు "ఎక్కడికి పోయారు టీచర్" అని అడిగారు. చెప్పాను. ఒకడు లేచి, విమానంలో కిటికీ తెరుచుకుంటుందా అని అడిగాడు. తెరుచుకోదన్నాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో డబ్బా తెరుస్తుంటే ఫోన్ మోగింది. వదిన. ఇన్నేళ్లలో ఆమె నాకు పనిలేకుండా ఫోన్ చేయడం అదే మొదలు.

"ఏం వదినా?"

"ఏంల్యా. ఊరికే సేసినా. అన్నం తిన్యావా?"

"తింటాండా. నువ్వు?"

"ఇంగా ల్యా. జాకెట్టు ఒగటి అర్జెంటు పడింది, అది అయినాక తింటా."

"తిని కుట్టు వదినా."

"సరే" అంది. కానీ ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. అవతల కంచం కింద పెట్టిన చప్పుడు వినబడింది. నేను కూడా ముద్ద కలిపాను.