కిష్టమ్మ నోట్లో కొంగు

నాచారంలో ముప్పై ఆరేండ్ల లోపు మనుషులందరి బుర్రలూ మా నానమ్మ కిష్టమ్మ చేతుల మీదుగానే తయారైనయి. ఎవరి తెలివి ఏ నెలలో, ఏ పూట తెరుచుకున్నదో అడిగితే తారీకుతో సహా చెప్తది. మనిషి మనసు ఎట్ల పెరుగుతదని లావు లావు పుస్తకాలు రాసిన సముద్రాల అవతలి దొరలు ఇప్పుడు బతికుంటే, ఉప్పల్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడ దిగి షేర్ ఆటోలో ఇరుక్కొని, ఆమె గడప ముందు చెప్పులు విడిచి డౌట్లు అడుగుదురు.

ఈ ముక్క రాస్తున్నది ఆమె మనవరాలు. ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు వదిలేసి ఉప్పల్‌లో జిరాక్స్ షాపులో నిలబడుతున్న పిల్ల. ఆ పిల్ల మాట ఎంతవరకు నమ్మాల్నో చదివేవాళ్ల ఇష్టం. ఇక్కడినుంచి మాత్రం జరిగింది జరిగినట్టే.

కిష్టమ్మకు అరవై మూడు. ఏడో తరగతి దాకా చదివి, పెండ్లయినంక నాచారం అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. ముప్పై ఒక్క ఏండ్లు చేసింది. పొద్దున గల్లీ గల్లీ తిరిగి పిల్లలను పోగుచేసుడు, ముక్కులు తుడుసుడు, గుడ్లు ఉడకబెట్టుడు, పగటిపూట పండబెట్టుడు ఆమె పని. పాఠం చెప్పుడు, రిజిస్టర్లు రాసుడు టీచరమ్మ పని. ఏ పిల్ల ఎప్పుడు అడుగేసింది, ఏ పిల్లగాడు ఎప్పుడు నోరిప్పి మాట్లాడిండు, ఇవన్నీ చూసేది కిష్టమ్మ. ఆమెను అడిగి రాసుకునేది టీచరమ్మ. కింద సంతకం కూడా టీచరమ్మదే. దానికి కిష్టమ్మ ఎన్నడూ అలగలేదు. కానీ సాయంత్రం రిజిస్టర్లు బీరువాలో పెట్టేటప్పుడు ఒక్కోదాని అట్టను కొంగుతో తుడిచి, కొంచెంసేపు చేతిలోనే పట్టుకునేది.

ఆమె దగ్గర ఇంకో విద్య ఉండేది. సూపర్‌వైజరమ్మ తనిఖీకి వస్తున్నదని కబురు అందగానే టీచరమ్మ రిజిస్టర్లలో మునిగిపోతే, పిల్లలను తయారుచేసే పని కిష్టమ్మ మీద పడేది. ఇది ఎరుపు, ఇది పసుపు. ఇది చిలుక, ఇది కాకి. ఏం తిన్నవంటే గుడ్డు తిన్న అనాలె, మన్ను తిన్న అనొద్దు. రెండు రోజులల్లో పద్దెనిమిది మంది పిల్లలు చిలుకలోలె పలికేవాళ్లు. ఆ ముప్పై ఒక్క ఏండ్లల్లో ఆమె సెంటర్‌కు ఒక్కసారి కూడా చెడ్డ రిమార్కు రాలేదు. అదే ఆమె గొప్ప. ముందు ముందు ఆమె కొంప ముంచబోయింది కూడా అదే.

రిటైరైనంక ఆమె ఊరుకోలేదు. ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టింది, ఇంటర్ కట్టింది. తర్వాత దూరవిద్యలో డిగ్రీ, అందులో సైకాలజీ. ఆదివారం ఆదివారం ఉప్పల్‌లో క్లాసులు. ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి చేతిలో ఒక లావు పుస్తకం పడ్డది. కడుపులో పడ్డకాణ్నుంచి కాటికి పోయేదాకా మనిషి మనసు ఏ వయసులో ఎట్ల మారుతదో అందులో రాసి ఉన్నది. ఆనాటినుంచి ఇంట్లోవాళ్లకు తిప్పలు మొదలైనయి. ఉల్లిగడ్డలు కోసుకుంటనే కిష్టమ్మ అందరినీ దశలవారీగా కూర్చోబెట్టేది.

"నీది ఆఖరి దశ," అన్నది ఒకరోజు మొగుడు పెంటయ్యతో. "ఇప్పుడు నువ్వు నీ బతుకును ఎనక్కి తిరిగి సూసుకోవాలె. సూసుకొని తృప్తి పడాలె. పుస్తకంల ఉన్నది."

"సూసుకుందమంటె మా నాయన పొలంల మందుల కంపెనీ గోడ లేసింది కదనే. గేటు కాడ వాచ్‌మన్ లోపలికి పోనిస్తలేడు," అన్నడు పెంటయ్య. "ఏడికెళ్లి తృప్తి పడాలె?"

"గోడ ఇవతల నిలబడి పడు."

"మరి నాది ఏ దశ నానమ్మా?" అని మనవరాలు తల దూర్చింది.

"కౌమారం. ఎప్పుడో అయిపోవాలె. నీది పాసింజర్ బండి లెక్క చర్లపల్లి అవుటర్ సిగ్నల్ కాడ ఆగిపోయింది."

ఆ సంవత్సరం ప్రాక్టికల్ రికార్డు ఉన్నది. నాలుగు నుంచి ఏడేండ్ల మధ్య పిల్లలకు ఒక చిన్న పరీక్ష పెట్టి, వాళ్లు ఏమన్నరో రాసుకురావాలె. రెండు ఒకేరకం గాజు గ్లాసులలో సమానంగా నీళ్లు పోయాలె. పిల్ల ముందరనే ఒక గ్లాసు నీళ్లను సన్నటి, పొడుగాటి గ్లాసులోకి వంచాలె. ఇప్పుడు ఎందులో ఎక్కువున్నయని అడగాలె. చిన్నపిల్లలు పొడుగుదాంట్లోనే ఎక్కువున్నయంటరు. ఏడేండ్లు వచ్చేసరికి, పోసినవి ఆ నీళ్లే కదా అంటరు. పొడుగుది అన్న పిల్ల తెలివితక్కువది కాదు, ఆ వయసు అట్ల ఆలోచిస్తదంతే. ఇదంతా కిష్టమ్మ చదివింది, కింద గీతలు కూడా గీసింది.

ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే. మనవరాలు ఛాయ్ హోటల్ నుంచి రెండు గాజు గ్లాసులు, జ్యూస్ సెంటర్ నుంచి ఒక పొడుగు గ్లాసు అడిగి తెచ్చింది. కిష్టమ్మ గల్లీలో ఐదుగురు పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టింది. మొదటి పిల్లగాడు ధైర్యంగా పొడుగు గ్లాసును చూపిచ్చిండు.

కిష్టమ్మ రాసుకునే పెన్ను పక్కన పెట్టింది. తన చేతి కింద కూర్చున్న పిల్లగాడు తప్పు చెప్పుడా?

"అయ్యో బిడ్డా, మల్ల ఒక్కసారి మంచిగ సూడు," అన్నది.

ఆ తర్వాత ఏమైందో చెప్పాల్సిన పనిలేదు. జవాబు సరిగ్గా చెప్పినోళ్లకు పల్లిపట్టీ. రెండో రోజు సాయంత్రానికి ఐదుగురూ ఒక్క గొంతుతో పలికిన్రు. కిష్టమ్మ గుండ్రటి అక్షరాలతో రికార్డు రాసి, ఆదివారం పట్టుకపోయి, క్లాసులు చెప్పే కౌన్సెలర్ కామాక్షి మేడమ్ టేబుల్ మీద పెట్టింది.

కామాక్షి మేడమ్ కిష్టమ్మ కంటే ఇరవై ఏండ్లు చిన్నది. రెండు పేజీలు చదివి కండ్లద్దాలు తీసింది.

"కిష్టమ్మగారూ, ఈ పాపకు నాలుగేండ్లే కదా. ‘నీళ్లు అవే, గ్లాసు మాత్రమే మారింది’ అన్నదా?"

"అన్నది మేడమ్. మస్తు చక్కగ అన్నది."

"ఐదుగురూ అదే మాట అన్నరా?"

"ఒక్క అక్షరం కూడ తేడా రాలే మేడమ్."

"మీరు ముందే ఏమన్నా చెప్పిన్రా వాళ్లకు?"

"చెప్పకపోతె ఎట్ల మేడమ్?" కిష్టమ్మ ఛాతీ ఉప్పొంగింది. "రెండు దినాలు కూసోబెట్టి నేర్పిన!"

క్లాసంతా ఘొల్లుమన్నది. మేడమ్ మాత్రం నవ్వలేదు. రికార్డు మూసి, నెమ్మదిగా కిష్టమ్మ దిక్కు జరిపింది.

"చూడంది రాసిన్రు. వాపస్ తీసుకపోండి, మళ్ల రాసుకరండి. ఒక్క పాప చాలు, కానీ నిజంగ చూడాలె. బుధవారం ఆఖరు. అది దాటితే మళ్ల వచ్చే సంవత్సరమే."

ఇంటికొచ్చి కిష్టమ్మ రాత్రి అన్నం ముట్టలేదు. వచ్చే సంవత్సరం సంగతి కాదు ఆమె బాధ. పిల్లల గురించి ఆమె తన చేత్తో రాసి, కింద తన సంతకం పెట్టిన మొదటి పుస్తకం అది. అదే వాపసొచ్చింది. పైగా "చూడంది" అన్న మాట. ముప్పై ఒక్క ఏండ్లు చూసుడు తప్ప ఇంకేం చేసింది తను?

సోమవారం మళ్లీ గ్లాసులు తీసుకొని అరుగు మీదికి వచ్చింది. ఇంకా నీళ్లు పొయ్యనే లేదు, గల్లీ పిల్లలు ఉరికొచ్చి మీద పడ్డరు.

"ఆయమ్మా! రెండూ సమానమే! పల్లిపట్టీ ఇయ్యి!"

ఐదుగురికి నేర్పితే వాళ్లు ఇరవై మందికి నేర్పిన్రు. వెనక గల్లీకి పోతే అక్కడా అదే కేక. మల్లాపూర్ రోడ్డు మీద ఎవరో తెలియని పిల్ల కూడా గ్లాసు చూడగానే, "సమానం" అని చెయ్యి చాపింది.

"నానమ్మా, పీర్జాదిగూడ దాకా పోయినా లాభం లేదు. నీ జవాబు నీకంటె ముందే ఆటో ఎక్కింది," అన్నది మనవరాలు.

"ఓ పోరీ, నవ్వకు. పండ్లు రాలగొడ్త," అన్నది కిష్టమ్మ. గ్లాసులు పట్టుకొని ఇంటి దారి పట్టింది.

ఆ సాయంత్రమే పక్క పోర్షన్‌లోకి కొత్త కిరాయిదారులు దిగిన్రు. జనగామ దిక్కువాళ్లు. ఉపేందర్ అనే ఆయనకు చర్లపల్లిలో కంపెనీ పని దొరికింది. వాళ్ల బిడ్డ హిమజకు నాలుగున్నర. ఇంకా గల్లీలోకి అడుగు పెట్టలేదు. కిష్టమ్మ సామాన్లు దించుడుకు సాయం చేసినట్టే చేసి, ఉపేందర్‌ను అడిగింది. "పొద్దుగాల మీ పాపను ఒక అరగంట ఇస్తవా బిడ్డా? అందాక బయటికి పంపకు. జర నీ కాళ్లు మొక్కుత."

"అయ్యో, ఎంతమాట పెద్దమ్మా," అన్నడు ఉపేందర్. ఈ నగరంలో ఏం అడుగుతరో, ఎందుకు అడుగుతరో అతనికి ఇంకా అలవాటు కాలేదు.

మంగళవారం పొద్దున చాప పరిచిన్రు. నీళ్లు పోసిన్రు. "ఎందులో ఎక్కువున్నయ్ బిడ్డా?" అని అడిగి, కిష్టమ్మ వెంటనే కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నది.

పెంటయ్య గడప మీద బీడీ ఆర్పి నవ్విండు. "నలభై అయిదేండ్లసంది మొక్కుతున్న. ఇయ్యాల దేవుడు కరుణించిండు."

కిష్టమ్మ కండ్లతోనే తిట్టింది.

హిమజ గ్లాసులను అటు చూసింది, ఇటు చూసింది. ముక్కును పొడుగు గ్లాసుకు ఆనించింది. "దీంట్ల ఎక్కువున్నయ్," అన్నది.

కిష్టమ్మ మోకాళ్లు వాటంతట అవే ముందుకు జరిగినయి. మనవరాలు భుజం పట్టి వెనక్కి లాగింది. కొంగు ఇంకో జానెడు లోపలికి పోయింది.

ఎవరూ ఏమీ అనకపోయేసరికి హిమజే పని మొదలుపెట్టింది. పొడుగు గ్లాసు నీళ్లను మళ్లీ పాత గ్లాసులో పోసింది. "తక్కువైనయ్!" అన్నది. మళ్లీ పొడుగుదాంట్లో పోసింది. "ఎక్కువైనయ్!" కిచకిచా నవ్వింది. తన చేతిలోనే ఏదో మాయ ఉన్నట్టు తొమ్మిది సార్లు పోసింది. చాప తడిసింది. నీళ్లు సగానికి వచ్చినయి. అయినా పొడుగుదాంట్లో ఎక్కువే. చివరికి ఆ పొడుగు గ్లాసును రెండు చేతులతో పట్టుకొని కిష్టమ్మకు ఇచ్చింది.

"నువ్వు పెద్దగున్నవ్ కద, ఎక్కువున్నయి నువ్వు తాగు."

కిష్టమ్మ కొంగు తీసి ఆ నీళ్లు తాగింది. అప్పుడు తట్టింది ఆమెకు. ముప్పై ఒక్క ఏండ్లల్లో వందలమంది పిల్లలు ఆమె ఒళ్లో కూర్చున్నరు. ఒక్క పిల్లనూ తప్పును చివరిదాకా చెప్పనియ్యలేదు తను. సగంలోనే దిద్దేసింది. ఆ తప్పు లోపల ఇంత ముచ్చటైన లెక్క నడుస్తదని ఎన్నడూ చూడలేదు. మేడమ్ అన్న మాట నిజమే.

ఆ మధ్యాహ్నం నాలుగు పేజీలు రాసింది. తొమ్మిది సార్లు పోసింది రాసింది, చాప తడిసింది రాసింది, నీళ్లు తాగింది రాసింది. "పరీక్ష చేసినామె నోట్లో కొంగు పెట్టుకున్నది. మొగుడు నవ్విండు," అని అది కూడా రాసింది.

బుధవారం కామాక్షి మేడమ్ నిలబడే చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చున్నది.

"పాపకు సరైన జవాబు చెప్పాలనిపించలేదా మీకు?"

"పానం పోయినంత పనయింది మేడమ్."

మేడమ్ సంతకం చేసి, పైన కిష్టమ్మ సంతకం ఉన్నచోట వేలు పెట్టి, "ఇది మీ పుస్తకమే," అన్నది.

నెల తిరిగేసరికి ఫలితాలు వచ్చినయి. కిష్టమ్మ పాసయింది. రికార్డుకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు పడ్డయి. ఆ సంబరంలోనే మనవరాలు ఈ కథ రాసి, అరుగు మీద కూర్చొని మొదటి పేరా గట్టిగా చదివి వినిపించింది. దొరలు, మెట్రో, షేర్ ఆటో, గడప ముందు చెప్పులు, అన్నీ. ఇక మెచ్చుకుంటదని తలెత్తి చూసింది.

కిష్టమ్మ చిక్కుడుకాయల పీచు తీస్తనే ఉన్నది. తల కూడా ఎత్తలేదు.

"సూడంది రాసినవ్. వాపస్ తీసుకపో, మల్ల రాసుకరా."