బౌక్యె తిరిగి చెబుతుంది

ఏడు నెలలు చెమటోడ్చి బౌక్యె సాధించిన మొదటి విజయం ఏమిటంటే, ఎదుటి మనిషి మాట ముగిసేదాకా నోరు మూసుకొని ఉండడం. అంతకుముందు అరవై నాలుగేళ్ళలో అది ఆమెకు ఒక్కసారీ చేతకాలేదు. కాలువ మీద వంతెన ఎత్తి దించే ఉద్యోగంలో, గాలికి ఎదురుగా పడవవాళ్ళ మీద అరిచి అరిచి పదునెక్కిన గొంతు ఆమెది. ఉద్యోగం నుంచి దిగాక దగ్గర్లోని స్నేక్ అనే పట్టణంలో హాస్యనాటకాల క్లాసులో చేరింది. అక్కడ రాసి ఇచ్చిన మాటలుండవు. తోటి నటుడు ఏమంటే దాన్ని అందుకొని అప్పటికప్పుడు కథ అల్లాలి. వినకపోతే కథే లేదు.

వినడం వచ్చింది, సంతోషమే. దాని వెంటే ఓ రోగం కూడా పట్టుకుంది. ఎవరేమన్నా సరే, ముందు ఆ మాటను గట్టిగా తిరిగి చెప్పి, ఆ తర్వాతే తన మాట మొదలుపెడుతుంది.

"ఇది క్లాసులో నేర్పిన సాధన అన్నయ్యా," అంది డౌవెతో.

"అయితే క్లాసులోనే చేసుకో."

"'క్లాసులోనే చేసుకో' అంటున్నావు. చేసుకోను."

ఆ రోగం ఆమెది, పోయే పరువు డౌవెది. డౌవె అంటే సామాన్యుడా? ముప్ఫై ఒక్కేళ్ళుగా ఊరి స్కేటింగ్ సంఘానికి అధ్యక్షుడు. చలికి గడ్డకట్టి స్కేటింగ్‌కి మంచు తయారయ్యేలా గడ్డిమైదానానికి నీళ్ళు పెట్టే పంపు తెప్పించిందీ, దీపస్తంభాలు వేయించిందీ ఆయనే. ఆయన 'ఊఁ' అన్న మంచు మీద ఇంతవరకు ఒక్క పిల్ల కాలు తడవలేదు. ఊరి బడిలో ఆరో తరగతితో ఆపేసినవాడు ఇన్ని చేశాడని ఎవరికైనా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. చెప్పనిది ఒక్కటే. మూడేళ్ళుగా చెవులు మందగించాయి. అది పొక్కిందంటే కుర్చీ గొర్రెల రైతు వీట్సెకి పోతుందని ఆయన భయం. అందుకే నలుగురూ తలూపితే తలూపుతూ, నవ్వితే నవ్వుతూ, చీమకైనా అనుమానం రానివ్వకుండా నెట్టుకొస్తున్నాడు.

ఒకసారి బౌక్యె ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది. డాక్టరమ్మ కంప్యూటర్‌తో గుసగుసలాడుతున్నట్టు ఏదో అడిగింది.

"'రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారు' అంటున్నారు!" అని బౌక్యె అందుకుంది. తలుపు అవతల కూర్చున్న ఆరుగురూ తలెత్తారు.

"మూడు," అన్నాడు డౌవె, కుర్చీలో కుంచించుకుపోతూ.

"మూడుసార్లట, డాక్టరమ్మా!"

అన్నతో వెళ్ళిన రొట్టెల దుకాణంలోనూ అంతే. చక్కెర రొట్టె అయిపోయిందని అక్కడి అమ్మాయి గొణిగితే, బౌక్యె తిరిగి చెప్పిన తీరుకు వీధి అవతల సైకిలు దిగుతున్న ఇద్దరు మళ్ళీ ఎక్కి ఇంటికి పోయారు.

సంఘం సమావేశంలో అన్న పక్క కుర్చీ ఆమెది. ఓసారి వీట్సెకి ఓపిక చచ్చిపోయింది.

"ఇది సమావేశమా, చిలకల పంజరమా?"

"'ఇది సమావేశమా, చిలకల పంజరమా' అంటున్నాడు అధ్యక్షా! పంజరమే నయం, గింజలైనా పెడతారు."

నవంబరు పద్దెనిమిదిన ఆమె నాటకాల పండుగకని మూడు వారాలు ఆంట్వెర్ప్ వెళ్ళింది. తన చెల్లెలు బెల్జియం వాళ్ళను నవ్వించబోతోందని డౌవె ఊరంతా చెప్పుకొచ్చాడు. మర్నాడే సమావేశం. మైదానానికి నీళ్ళెప్పుడు పెట్టాలన్నది విషయం, అందులో ఇంకా వీట్సె గొర్రెలు మేస్తున్నాయి.

వీట్సె లేచాడు. మీసం చాలాసేపు కదిలింది. అందరూ నవ్వారు. డౌవె కూడా నవ్వాడు. అప్పటికే మిగతావాళ్ళు నవ్వు ఆపేసి ఆయన్నే చూస్తున్నారు.

"మీ గొంతులకేమైందర్రా ఇవాళ?"

పంపు చూసుకునే చిట్స్‌కె వచ్చి బౌక్యె కుర్చీలో కూర్చొని, ఆయన చెవిలో అరిచింది. "గొంతులకేం కాలేదు బాబాయ్. ఎప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడుతున్నాం."

"మరి ఇన్నాళ్ళూ నాకు..."

"బౌక్యె అత్త తిరిగి చెప్పేది."

"అది క్లాసులో నేర్పిన సాధన."

"ఏ సాధనా కాదు. నువ్వు లేనిచోట అత్త ఒక్కరి మాటా తిరిగి చెప్పదు. ఎప్పుడైనా చూశావా?"

"నేను లేనిచోట నేనెట్లా చూస్తానే!"

గది గొల్లుమంది. డౌవె మాత్రం వీట్సె వైపు చూశాడు. వీట్సె బల్ల మీదికి వంగి, గొర్రెలను అదిలించే గొంతుతో, "ఆ కుర్చీ నాకెందుకు పెద్దాయనా! మంచు కరిగితే తిట్లన్నీ దానికే!" అన్నాడు.

డౌవె కాగితం తెప్పించాడు. పెద్ద అక్షరాలతో తనే రాసి, తలుపుకు తనే అంటించాడు.

"అధ్యక్షుడి చెవులు ఆంట్వెర్ప్ వెళ్ళినందున సమావేశం వాయిదా. అవి వచ్చేదాకా మైదానం గొర్రెలదే."

"ఈలోగా గడ్డకట్టే చలి వచ్చేస్తేనో?" అని చిట్స్‌కె చెవిలో అరిచింది.

"నన్నడక్కుండానా? దానికంత ధైర్యం లేదు."

"సరే, చెవులెప్పుడొస్తాయో రాయలేదు బాబాయ్."

డౌవె జేబులోంచి మళ్ళీ కలం తీసి, కింద ఇంకో వరుస చేర్చాడు: "రాక, డిసెంబరు తొమ్మిది."