లీవు మీద వచ్చిన చిన్నాయన

మా చిన్నాయన బెంగళూరు మిల్లులో చేరాక ఏడాదికోసారి పెనుకొండలో రైలు దిగి, జట్కా కట్టించుకుని రొద్దం వచ్చేవాడు. నైలాన్ చొక్కా, నల్లద్దాలు. ఆయన కోసం మేము కోడిని కోసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది.

"ఈడ ఏముండాదన్నా? రాళ్లు, ముళ్లకంపలు. మగోడైతే బెంగళూరు పోవల్ల," అని మా నాయనకు బోధించేవాడు.

వానలు ఎగ్గొట్టి చెనక్కాయ చేను మాడిపోయిన ఏడు నాయన మమ్మల్ని తీసుకుని ధర్మవరం వెళ్లాడు. అక్కడ మగ్గాలకు పట్టుపోగులు అతికే పని నేర్చుకున్నాడు. ఆ ఏడు లీవుకొచ్చి అది చూసిన చిన్నాయన పగలబడి నవ్వాడు. "ఇదీ ఒక పనేనా?"

ఆ మరుసటేడు ఆయన పెళ్లాన్నీ ట్రంకుపెట్టెనూ వెంటేసుకుని మా ధర్మవరం గుడిసెలోనే దిగాడు. "లీవు మీద వచ్చినా," అన్నాడు. నెలలు గడిచినా ఆ లీవు తీరలేదు. మిల్లు మూతపడిందని హిందూపురం నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. అయినా ఆయన టీ అంగట్లో కూర్చుని బెంగళూరు కరెంటు దీపాల గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. చెప్పడానికి ఆయనకు సిగ్గు లేదు, వినడానికి ఆ జనానికీ లేదు.

నాయన పనికి రమ్మంటే, "దారం చుట్టేది ఆడోళ్ల పని," అన్నాడు.

"అట్లయితే నేనే పోతా," అంది చిన్నమ్మ. పక్కింటి నేతగాళ్ల దగ్గర రాట్నం ముందు కూర్చుంది. ఆమె సంపాదనతో వండిన సంగటి తింటూ, గట్టిగా ఉందని ఈయన వంకలు పెట్టేవాడు.

కొన్నాళ్లకు మిల్లు తెరిచారని కబురొచ్చింది. చిన్నాయన మళ్లీ నల్లద్దాలు పెట్టుకున్నాడు.

"పెట్టె సర్దుకో, పోదాం."

"నువ్వు పో. మళ్లా లీవు వస్తే ఈడికే గదా వచ్చేది," అంది చిన్నమ్మ.

"మొగుడు లేకుండా ఎట్ల బతుకుతావే?"

ఆమె రాట్నం ఆపలేదు. "ఇన్నినాళ్లూ ఎట్ల బతికితినో అట్లే."

ఆయన ఒక్కడే రైలెక్కాడు. వెళ్లిన రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం మానలేదు. చిన్నమ్మ మాత్రం గుడిసె వెనక్కి పోయి కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని పనికి పోయింది.

కొన్నేళ్లకు ఆమె సొంత మగ్గం వేయించుకుంది. అప్పుడప్పుడూ వచ్చే చిన్నాయన అరుగు మీద కాలు మీద కాలేసుకుని, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పేవాడు:

"ఈ మగ్గం నేనే పెట్టిస్తినప్పా!"